చట్టం లేనప్పుడు చచ్చిన ఆవులు

2013 అక్టోబర్ మొదటి వారంలో అమెరికాలోని సౌత్ డకోటా పడమటి వైపు మంచు తుఫాను వచ్చింది. దానికి అట్లాస్ అని పేరు పెట్టారు. ముందు వాన, ఆ తడి మీద మంచు, గాలి. ఆవులకి చలికాలపు బొచ్చు ఇంకా రాలేదు. చాలా మందలు ఇంకా వేసవి బీళ్ళలోనే ఉన్నాయి. వేల సంఖ్యలో చచ్చిపోయాయి.

సరిగ్గా అప్పుడే వాషింగ్టన్‌లో షట్‌డౌన్. వ్యవసాయ శాఖ స్థానిక ఆఫీసులకి తాళాలు. తీసి ఉన్నా ఒరిగేదేం లేదు. వాతావరణం వల్ల చచ్చిన పశువులకి డబ్బిచ్చే లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రామ్ గడువు 2011లోనే తీరిపోయింది. కొత్త ఫార్మ్ బిల్లు కాంగ్రెస్‌లో నానుతోంది. ఫోటోలు తీసుకోండి, లెక్క రాసుకోండి, బయటివాళ్ళ సాక్ష్యం పెట్టుకోండి అని రైతులకి సలహాలొచ్చాయి. లేని పథకానికి అప్లికేషన్ అన్నమాట.

2014 ఫిబ్రవరిలో ఒబామా బిల్లు మీద సంతకం పెట్టాడు. ప్రోగ్రామ్ శాశ్వతమైంది. 2011 అక్టోబర్ 1 నుంచి జరిగిన నష్టాలకి కూడా వర్తింపజేశారు. చచ్చిన పశువు మార్కెట్ విలువలో 75 శాతం.

నన్ను పట్టుకుని వదలనిది ఈ వెనక్కి వర్తింపే. ఇలాంటి సాయాన్ని సమర్థించేవాళ్ళు మామూలుగా ఏమంటారు? భరోసా ఉంటే రైతు ధైర్యంగా మందని పెంచుతాడంటారు. వ్యతిరేకించేవాళ్ళేమో భరోసా ఉంటే జాగ్రత్త తగ్గుతుందంటారు. రెండూ రేపటి గురించిన వాదనలే. నాలుగు నెలల కిందట చచ్చిన ఆవు విషయంలో ఈ రెండూ పనికిరావు. ఇప్పుడిస్తే రేపూ ఇస్తారన్న నమ్మకం కలుగుతుందిగా అనొచ్చు, కానీ ఆ నమ్మకానికి కొత్త చట్టమే చాలు. అంటే పాత ఆవులకి ఇచ్చిన డబ్బు ప్రోత్సాహకం కాదు, బాకీ. మరి ఏం బాకీ? తుఫానుని పంపింది ప్రభుత్వం కాదు కదా!

రోనాల్డ్ డ్వార్కిన్ దురదృష్టాన్ని రెండుగా విడదీశాడు: తెలిసి వేసిన పందెంలో ఓడిపోవడం ఒకటి, ఊరికే నెత్తిన పడేది ఇంకొకటి. మొదటిది నీ ఖర్చు, రెండోది అందరం పంచుకోవాల్సింది. డకోటాలో ఆవుల్ని పెంచడం చలికాలంతో పందెమే. అక్టోబర్ మొదట్లో అలాంటి తుఫాను కూడా ఆ పందెంలో భాగమేనా? తత్వవేత్తలు ఇక్కడ చాలా పేజీలు ఖర్చుపెడతారు. చట్టం మాత్రం మొరటుగా ఒక అంకె పెట్టింది. ఒక్కో రకం పశువుకి సాధారణ మరణాల రేటు ఇంత అని ముందే నిర్ణయిస్తారు. అంతవరకూ చచ్చినవి నీ వృత్తిలో భాగం, ఆపైవే లెక్కలోకొస్తాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఎర్రర్ బడ్జెట్ లాంటిది. నిజం చెప్పాలంటే నాకిది డ్వార్కిన్ కంటే నచ్చింది, కనీసం గీత ఎక్కడుందో చెబుతుంది.

కానీ గీత అవతల ఏముందో అంకెకి తెలీదు. చూలు ఆవు చస్తే ఒక ఆవే చచ్చినట్టు. కడుపులో దూడకి అప్పట్లో లెక్క లేదు.

ఇంకో చిక్కు పరిమితి. 2014 చట్టంలో మనిషికి ఏడాదికి 1,25,000 డాలర్లు దాటకూడదన్నారు, 2018లో ఈ ప్రోగ్రామ్‌కి ఆ పరిమితి ఎత్తేశారు. మన విపత్తు సహాయ నిబంధనల్లో పాడి ఆవుకో గేదెకో 37,500 రూపాయలు, అదీ ఇంటికి మూడింటి వరకే. నాలుగోది చస్తే మీ ఖర్మ. మన పద్ధతి పిసినారిదే, అయినా అది అడుగుతున్న ప్రశ్న వేరు: ఈ ఇల్లు మళ్ళీ నిలబడాలంటే ఎంత కావాలి? వాళ్ళది: నీ ఆస్తి ఎంత పోయింది? దురదృష్టానికే బాకీ అయితే పరిమితి అన్యాయం. అవసరానికైతే వేల ఆవులున్న కంపెనీకి పెద్దగా హక్కు లేదు. 2018లో అమెరికా ఆస్తి వైపు మొగ్గింది. ఆ పేరుని మాత్రం ఎవరూ వాడరు, అందరూ రైతు అనే అంటారు.

ఆ చలికాలంలో, చట్టం ఇంకా రాకముందే, మోంటానాలోనూ ఇతర రాష్ట్రాల్లోనూ ఉన్న రైతులు తమ మందల్లోంచి పెయ్యల్ని ఏరి ట్రక్కులెక్కించి సౌత్ డకోటాకి పంపారు. వాటిలో చూలువీ ఉన్నాయి.