శాశ్వత గస్తీ: ఎవరికి ఓదార్పు?

అమెరికాలో సబ్‌మెరైన్లలో పనిచేసి రిటైరైనవాళ్లు తమలో ఒకరు పోతే 'చనిపోయాడు' అనరు. 'శాశ్వత గస్తీకి వెళ్లాడు' అంటారు. దీని మూలం రెండో ప్రపంచయుద్ధంలో ఉంది. ఆ యుద్ధంలో వాళ్లు 52 సబ్‌మెరైన్లని, వాటితో పాటు 3,500 మందికి పైగా మనుషుల్ని పోగొట్టుకున్నారు. వాటిలో కొన్ని ఎక్కడ, ఎలా మునిగాయో ఒడ్డున ఉన్నవాళ్లకి ఏళ్ల తరబడి తెలియలేదు. గస్తీకి వెళ్లింది, తిరిగి రాలేదు, అంతే. కాబట్టి ఇంకా గస్తీలోనే ఉందన్నారు. ఇప్పటికీ సభ పెట్టుకుని ఆ పేర్లన్నీ ఒక్కొక్కటే చదువుతారు. పేరుకొకసారి గంట కొడతారు.

ఆ మాటలో అందం ఉంది, కాదనను. శవం దొరకని చావుకి మనుషులు ఏదో ఒక పేరు పెట్టుకోవాలి. కానీ ఎనభై ఏళ్ల వయసులో, సొంత మంచం మీద, షుగరుతోనో గుండెజబ్బుతోనో పోయిన మనిషి గురించి కూడా ఇప్పుడు అదే మాట అంటున్నారు. అక్కడ నాకు పేచీ వస్తుంది. ఆ మంచం పక్కన కూర్చుని చివరిదాకా మందులు వేసి, పక్కబట్టలు మార్చిన ఒక మనిషి ఉంటుంది కదా, ఆమెకి ఆ మాట ఎలా వినిపిస్తుంది? పెళ్లైన దగ్గర్నుంచీ ఆమె విన్నదే కదా అది. 'ఎక్కడికెళ్లాడు?' 'గస్తీకి.' 'ఎప్పుడొస్తాడు?' 'చెప్పకూడదు.'

సబ్‌మెరైన్ బలమంతా కనబడకపోవడంలో, వినబడకపోవడంలో ఉంది. బ్రిటన్ అణు సబ్‌మెరైన్లు నెలల తరబడి నీళ్ల కిందే ఉంటాయి. గస్తీలో ఉన్నంతకాలం లోపలినుంచి బయటికి ఒక్క మాట కూడా పంపవు. పంపితే ఎక్కడున్నదీ శత్రువుకి తెలిసిపోతుంది. ఇంటినుంచి మాత్రం వారానికోసారి, లెక్కపెట్టిన కొద్ది మాటలు పంపొచ్చు. వాటిని ముందు అధికారులు చదువుతారు. చెడ్డ వార్త ఉంటే వెళ్లనివ్వరు. ఇంట్లో ఎవరైనా పోయినా ఆ సంగతి అతనికి ఒడ్డు చేరాకే తెలుస్తుంది. దీన్ని భార్య వైపు నుంచి చూడండి. జవాబు రాని మనిషికి వారం వారం ఉత్తరం రాయాలి. అందులో అన్నీ మంచి కబుర్లే ఉండాలి. జ్వరాలు, అప్పులు, చావులు ఆమె దగ్గరే ఆగిపోవాలి. సముద్రం కింద నిశ్శబ్దాన్ని కాపాడుతున్నది సముద్రం మీద ఒక వంటింటి నిశ్శబ్దం. దానికి పెన్షన్ లేదు, పతకం లేదు.

మన దగ్గర ఈ కథ విశాఖపట్నంలో ఉంది. భారత నౌకాదళంలో మొదటి సబ్‌మెరైన్ కల్వరి 1967 డిసెంబరు 8న సోవియట్ యూనియన్‌లోని రీగాలో సేవలోకి వచ్చింది. ఆ తర్వాత వచ్చినవాటిలో కుర్సుర ఇప్పుడు ఆర్కే బీచిలో మ్యూజియంగా నిలబడి ఉంది. 1969 నుంచి 2001 దాకా పనిచేసి, 2002లో ఒడ్డెక్కింది. సబ్‌మెరైన్లలో పనిచేసేవాళ్లకి శిక్షణ ఇచ్చే శాతవాహన కూడా ఈ ఊళ్లోనే. గాజువాక, మల్కాపురం, మర్రిపాలెం వైపు ఏ వీధిలోకి వెళ్లినా రిటైరైన నేవీవాళ్లు కనబడతారు. వాళ్ల భార్యలూ ఉంటారు, కానీ వాళ్లని ఎవరూ అలా గుర్తుపట్టరు.

మా ఎదురింటి పిన్నిగారు అలాంటి ఒకామె. శ్రీకాకుళం వైపు పల్లె. పదిహేడేళ్లకి పెళ్లై ఈ ఊరొచ్చింది. భర్త సబ్‌మెరైన్లో ఎలక్ట్రీషియను. పదిహేనేళ్లు నేవీలో చేసి, తర్వాత స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. ఆయన ఒడ్డుకొచ్చిన రోజున బట్టలకి పట్టిన డీజిల్ వాసన మూడు ఉతుకులకి గాని పోయేది కాదని, ఆ వాసనని బట్టే పిల్లలు నాన్న వచ్చాడని తెలుసుకునేవారని ఆమె చెబుతుంది. లోపల మంచినీళ్లు కొలిచి వాడుకోవాలి కాబట్టి రోజుల తరబడి స్నానం ఉండేది కాదు. ఇంటికొచ్చినా ఆయన మాట్లాడేవాడు కాదు. మాట్లాడకూడని సంగతులు ఇన్నని మొదలుపెడితే, చివరికి మాట్లాడదగినవి ఏవీ మిగలవు కాబోలు.

మూడేళ్ల కిందట ఆయన పోయాడు. పెదకర్మ రోజున నేనూ ఆ ఇంట్లో ఉన్నాను. పొద్దున్న లోపలి గదిలో ఆడవాళ్లు పిన్ని గాజులు తీయించారు, మట్టెలు తీయించారు. వద్దని నాలాంటివాళ్లం ఇద్దరు ముగ్గురం అన్నాం. 'ఆచారం' అన్న ఒక్క మాటతో మమ్మల్ని పక్కకి నెట్టేశారు. మధ్యాహ్నం ఆయనతో పనిచేసిన నలుగురు వచ్చారు. ముందుగదిలో ఆయన ఫొటోకి దండ వేసి, దాని పక్కన ఆయన టోపీ, సబ్‌మెరైనర్లు గుండెమీద పెట్టుకునే డాల్ఫిన్ల బ్యాడ్జీ పెట్టించారు. అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ చేశారు. ఒకే ఇంట్లో, ఒకే రోజున, చనిపోయిన మనిషికి ఆయన గుర్తులన్నీ తిరిగి ఇచ్చారు, బతికున్న మనిషి గుర్తులన్నీ తీసేసుకున్నారు. ఇది ఎవరో కావాలని చేసిన కుట్ర కాదు. అందరూ మంచివాళ్లే, అందరూ ఏడుస్తూనే చేశారు.

వచ్చినవాళ్లలో పెద్దాయన 'ఎటర్నల్ పెట్రోల్' అన్నాడు. పిన్నికి అర్థం కాలేదని పక్కాయన తెలుగులో చెప్పాడు. ఆమె కాసేపు ఊరుకుని, 'అంటే మళ్లా ఆళ్ల పనిమీదే ఎల్లాడా? నా కాడ సచ్చిపోయినాడని అనకూడదేటి?' అంది.

గది అంతా ఇబ్బందిగా కదిలింది. నాకు మాత్రం ఆమె ఒక పెద్ద ప్రశ్న వేసిందనిపించింది. ఈ మనిషి ఎవరి మనిషి? సంస్థ తన మనిషిని పెళ్లికి ముందు తీసుకుంది, పెళ్లి తర్వాత తీసుకుంది, చావు తర్వాత కూడా తీసుకుంటానంటోంది. 'గస్తీ' అన్నప్పుడు ఆ మధ్యలో ఇంట్లో గడిచిన పాతికేళ్లూ సెలవు కింద జమకట్టినట్టే కదా.

అయితే అక్కడితో ఆగి, మగవాళ్ల భాష అని కొట్టిపారేయడం నాకు తేలిక. అది న్యాయం కాదు. ఆ నలుగురూ డెబ్భై దాటినవాళ్లు. ఒకాయనకి చెయ్యి వణుకుతోంది. ఆ ఇనుపగొట్టంలో డెబ్భై మందికి పైగా, ఒకడి ఊపిరి ఒకడికి తగులుతూ బతికారు. ఒకడు తలుపు సరిగా వెయ్యకపోతే అందరూ పోతారు. అంత దగ్గరితనాన్ని మన సమాజం మగవాళ్లకి ఇంకెక్కడా ఇవ్వదు, ఇచ్చినా దాని గురించి ఏడవనివ్వదు. వాళ్లకి ఏడవడానికి కూడా ఒక యూనిఫాం కావలసి వచ్చింది. 'శాశ్వత గస్తీ' ఆ యూనిఫాం. అది వాళ్లకి వాళ్లు చెప్పుకునే మాట. దాన్ని ఆమె చేతిలో పెట్టి ఇదే నీకు ఓదార్పు అన్నప్పుడే తేడా వస్తోంది.

ఆ తర్వాత జరిగింది చెప్పాలి. వెళ్లడానికి లేచినప్పుడు, చెయ్యి వణికే ఆయన తలుపు దగ్గర ఆగి, 'అమ్మా, మా ఇద్దరి బంకులూ ఒకదానిమీద ఒకటి. వాడు నిద్దట్లో పెద్దమ్మాయి పేరు పలవరించేవాడు. నేను కింద నుంచి తన్నేవాణ్ణి, పడుకోరా అని' అన్నాడు. పదకొండు రోజుల్లో పిన్ని గట్టిగా ఏడవడం నేనప్పుడే చూశాను. ఏడుస్తూనే కోప్పడింది కూడా, 'ఇంట్లో ఒక్కనాడైనా దాన్ని పేరెట్టి పిలిచినాడా?' అని. పెద్దమ్మాయి తలుపు వెనక నిలబడి వింటోంది. ఆమెకి నలభై ఏళ్లు దాటాయి.

ఓదార్చడం అంటే ఏమిటని ఆ రోజు నుంచీ ఆలోచిస్తున్నాను. ఆమె దగ్గర లేని ఆయనలో కొంత భాగాన్ని దాచిపెట్టుకున్నవాళ్లు, రహస్యం కాని ఆ కాస్తనీ తెచ్చి ఇవ్వడం ఒక రకం. ఆమె నోరు మెదపకుండా చేసేది ఇంకో రకం. ఈ రెండోదానికి అక్షరాలా ఒక దృశ్యం ఉంది, ప్రపంచమంతా చూసింది.

2000 ఆగస్టు 12న బారెంట్స్ సముద్రంలో రష్యా సబ్‌మెరైన్ కుర్స్క్ పేలి మునిగిపోయింది. 118 మంది. అధికారులు రోజుకొక మాట చెప్పారు. విదేశీ సాయం ఆలస్యంగా తీసుకున్నారు. విద్యాయెవో అనే నేవీ ఊళ్లో కుటుంబాలతో ఉపప్రధాని సమావేశం పెట్టినప్పుడు, నదేజ్దా టిలిక్ అనే తల్లి లేచి నిలదీసింది. ఆమె అరుస్తుండగానే వెనకనుంచి ఒక స్త్రీ వచ్చి మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది. ఆమె ఒరిగిపోతే మోసుకెళ్లారు. అంతా కెమెరాల ముందే. తామే అడిగి ఇప్పించామని భర్త అన్నాడు. తన నోరు మూయించడానికే ఇచ్చారని ఆమె తర్వాత చెప్పింది. నేను ఆమె మాటే నమ్ముతాను. కానీ భర్త చెప్పినదే నిజమనుకున్నా నాకు తేడా ఏమీ కనబడదు. ఆ గదిలో అందరికీ ఆమె దుఃఖం తగ్గించవలసిన జబ్బులా కనబడింది. ఆమె అడుగుతున్నది ప్రశ్న అని ఎవరికీ తోచలేదు.

ఆ సబ్‌మెరైన్ వెనక గదిలో పేలుడు తర్వాత 23 మంది కొన్ని గంటలపాటు బతికే ఉన్నారు. ద్మిత్రీ కొలెస్నికోవ్ అనే యువ అధికారి చీకట్లో తడుముకుంటూ ఆ పేర్లు రాశాడు, భార్యకీ కొన్ని మాటలు రాశాడు. పెళ్లై కొద్ది నెలలే. అక్టోబరులో ఆ కాగితం దొరికింది. భార్య కోసం రాసిన మాటలు భార్య కంటే ముందు ఎవరెవరో చదివారు. ఇక్కడా అదే ప్రశ్న, ఎవరి మనిషి?

ఎదురుచూడటం ఆడవాళ్ల స్వభావం అనేవాళ్లకి ఇంకో సంగతి చెప్పాలి. 2017 నవంబరు 15న అర్జెంటీనా సబ్‌మెరైన్ సాన్ హువాన్ 44 మందితో గల్లంతైంది. అందులో ఎలియానా క్రావ్‌చిక్ ఉంది. ఆ దేశంలో సబ్‌మెరైన్ అధికారి అయిన మొదటి స్త్రీ. ఆమె కోసం ఒడ్డున ఎదురుచూసినవాళ్లలో ఆమె తండ్రి ఉన్నాడు. ఏడాది తర్వాత 900 మీటర్ల లోతున దొరికేదాకా ఆ కుటుంబాలు వీధుల్లోనే ఉన్నాయి. వాళ్లు బిరుదులు అడగలేదు, ఎక్కడున్నారో చెప్పమన్నారు. మనకి 2013 ఆగస్టు 14న ముంబయి డాక్‌యార్డులో సింధురక్షక్ పేలి 18 మంది పోయినప్పుడు, విశాఖలో కూడా కొన్ని ఇళ్లవాళ్లు డీఎన్‌ఏ పరీక్షల కోసం కాచుకుని కూర్చున్నారు. దేహం ఫలానా అని తేలేదాకా ఆమె భార్యా కాదు, వితంతువూ కాదు. గాజులు తీయమనడానికి తొందరపడేవాళ్లకి కూడా ఆ రోజుల్లో ఏం చెయ్యాలో తోచి ఉండదు.

విశాఖ వాళ్లం గనక మనకి ఇంకొకళ్లు కూడా గుర్తుండాలి. కుర్సురకి ఎదురుగా ఉన్న సముద్రంలోనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఉంది. 1971 డిసెంబరులో 90 మందికి పైగా మనుషులతో మన రేవు ముంగిట మునిగింది. 2024లో మన నౌకాదళం ఆ శకలాన్ని గుర్తించి, చనిపోయినవాళ్ల మీద గౌరవంతో తాకకుండా వదిలేసిందని వార్తలొచ్చాయి. ఆ గౌరవం నాకు నచ్చింది. ఏటా డిసెంబరు 4న నేవీ డే వచ్చినప్పుడు, కరాచీలోనో ఇంకెక్కడో ఒక ముసలామెకి ఆ తారీఖు ఏమిటో నాకు గుర్తుకొస్తుంది. ఆమె భర్త మా ఊళ్లో ఉన్నాడు, ఆమె ఎప్పుడూ మా ఊరు రాలేదు.

ఈ మధ్య మర్రిపాలెంలో ఇంకో సబ్‌మెరైనర్ పోయాడని తెలిసి పిన్ని నన్ను తోడు తీసుకెళ్లింది. ఆమె మళ్లీ బొట్టు పెట్టుకుంటోంది, చిన్నది. అక్కడా ముందుగదిలో టోపీ, బ్యాడ్జీ, నిలబడ్డ మగవాళ్లు. పిన్ని లోపలికెళ్లి ఆ ఇంటావిడ చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి తీసుకొచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. తనూ పక్కన కూర్చుంది. నిలబడ్డవాళ్లని కూర్చోమంది.

'ఇప్పుడు సెప్పండి బాబూ. లోపలున్నప్పుడు ఆయనేటి తినీవోడు? ఎవులితో దెబ్బలాడీవోడు?'