మీ ప్రాంతంలో ఈ సదుపాయం లేదు

మొన్నొక కొత్త యాప్ తెరిస్తే "మీ దేశంలో ఈ సేవ ఇంకా అందుబాటులో లేదు" అని వచ్చింది. చిన్న విషయమే, కానీ ఒళ్ళు మండింది. దాన్ని తయారుచేసిన వాళ్ళలో మనవాళ్ళూ ఉండే ఉంటారు కదా, మనకెందుకివ్వరు?

ఈ ఉక్రోషానికి చరిత్ర ఉంది. 1991లో ఇస్రో క్రయోజెనిక్ ఇంజన్ల కోసం గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం చేసుకుంది. మరుసటేడు అమెరికా ఇద్దరి మీదా ఆంక్షలు పెట్టింది. చివరికి రష్యా ఇంజన్లిచ్చింది గానీ వాటిని చేసే విద్య ఇవ్వలేదు. మనం సొంతంగా చేసుకున్న ఇంజన్ 2010లో విఫలమై, 2014 జనవరి 5న శ్రీహరికోట నుంచి విజయవంతంగా ఎగిరింది. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ గర్వం అబద్ధం కాదు.

కానీ మాది పలకల ఊరు మార్కాపురం. మా రాయి విదేశాలకి ఎగుమతవుతుంది. ఊరికి నీళ్ళు మాత్రం క్యాన్లలో వస్తాయి.

అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు మనుషుల ఎముకల్ని పాడుచేస్తున్నాయని 1937లోనే వైద్య పత్రికలో అచ్చయింది. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడా జిల్లావే. ఫ్లోరైడ్ తీసే విద్య కోసం మనమే దేశాన్నీ అడుక్కోలేదు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో చేసే పద్ధతిని రూపొందించింది. దాని పేరే నల్లగొండ పద్ధతి. కృష్ణ నీళ్ళు తెస్తామన్న వెలిగొండకి శంకుస్థాపన జరిగింది 1996లో.

చంద్రయాన్-3 దిగిన రాత్రి కనిగిరి అత్తకి ఫోన్ చేశాను. "దిగిందంటగా అబ్బయ్యా, మంచిదే. మా క్యాన్ల బండే ఇయ్యాల ఇంకా రాలా" అంది. ఎత్తిపొడుపేం కాదు, ఉన్నమాట చెప్పిందంతే.

రాకెట్లు ఆపితే నీళ్ళొస్తాయా అంటారు మిత్రులు. రావు. రాకెట్ల మీద నాకు ఫిర్యాదూ లేదు. నా సందేహం నా కోపం గురించే. తెలిసిన విద్యని అవసరమైన వాళ్ళకి అందనివ్వకపోవడం అన్యాయమని కదా అమెరికా మీద మన కోపం? ఆ సూత్రం నిజమైతే సరిహద్దు దగ్గర ఆగిపోకూడదు. బయటివాళ్ళు ఇవ్వకపోతే అవమానం అంటున్నాం, మనవాళ్ళకి మనం ఇవ్వకపోతే జాప్యం అంటున్నాం. అంటే ఇన్నాళ్ళూ నేను బాధపడింది న్యాయం గురించా, పరువు గురించా?

యాప్ నాకు కనీసం లేదని చెప్పింది. అత్తకి ఆ మాటైనా ఎవరూ చెప్పలేదు. ఈ ఏడు వస్తాయనే చెబుతూ వచ్చారు.