ధర తెలిసినవారి బాధ్యత

దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గాథ చదివినవారికి ఆ బిడారు సంగతి తెలిసే ఉంటుంది. బావిలో దొరికిన బాలుణ్ణి వేళ్ల మీద లెక్కపెట్టదగిన వెండి నాణేలకు అమ్మేశారు. (అమ్మినవారు బిడారు వాళ్లా, ఆయన సోదరులా అన్న విషయంలో వ్యాఖ్యాతల మధ్య భేదాభిప్రాయం ఉంది. స్వతంత్రుణ్ణి అమ్మడమే మహాపాపమన్నది వేరే మాట.) ఆ బాలుడి విలువ అమ్మేవారికి తెలియదు. తెలుసుకోవాలన్న ఆసక్తీ వారికి లేదు. ఆ అల్ప మూల్యాన్ని చెప్పడానికి ఖుర్ఆన్ ‘బఖ్స్’ అనే పదం వాడింది. హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) తన జాతికి చేసిన ఉపదేశంలోనూ ఇదే ధాతువు వస్తుంది. కొలతలు, తూనికలు నిండుగా ఇవ్వమని చెప్పి, ప్రజల వస్తువుల విలువ తగ్గించవద్దని ఆయన వేరుగా హెచ్చరించారు. మనం మొదటి మాట గుర్తుపెట్టుకున్నాం, రెండోదాన్ని మరిచాం. తక్కెడ సరిగ్గా ఉండగానే ఎదుటివారి వస్తువు విలువను మట్టిపాలు చేయవచ్చు.

సోదరులారా! ఈ సంగతి ఇప్పుడెందుకంటే, జూబ్లీహిల్స్, ఫిలింనగర్, షేక్‌పేట ప్రాంతాల యువకులు కొందరు పాత సామాన్లు కొని ఆన్‌లైన్ వేలాల్లో అమ్ముతున్నారు. బంగళాలు ఖాళీ చేసేటప్పుడు బయటపడే గడియారాలు, ఇత్తడి, బిద్రీ పాత్రలు, సినిమా యూనిట్ల పాత కెమెరాలు, లెన్సులు వారి సరుకు. మన దేశంలో ఇలాంటి వేలాలను జనానికి అలవాటు చేసినవాటిలో బాజీ డాట్ కామ్ ఒకటి. 2000లో మొదలైన ఆ సైటును 2004లో ఈబే కొన్నది. 2018లో ఈబే భారతీయ సైటు మూతపడినా, విదేశాల వారికి అమ్మేవారు ఇప్పటికీ దాని ప్రపంచ సైటులో సరుకు పెడుతున్నారు. (సినిమా పోస్టర్ల గురించి కూడా మమ్మల్ని అడుగుతుంటారు. ప్రాణుల చిత్రాల క్రయవిక్రయం మరో సంచికకు తగిన చర్చ.)

వేలం ధర్మసమ్మతమేనా అన్న సందేహం అక్కర్లేదు. యాచించడానికి వచ్చిన ఒక అన్సారీ ఇంట్లో ఉన్న దుప్పటి, పాత్ర తెప్పించి దైవప్రవక్త (సఅసం) స్వయంగా వేలం వేశారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ఒకరు ఒక దిర్హమ్ అన్నారు. ఇంకా ఎక్కువ ఎవరిస్తారని ఆయన మళ్లీ అడిగారు. రెండు దిర్హమ్‌లకు అవి అమ్ముడుపోయాయి. ఈ హదీసు పరంపర గురించి కొందరు ముహద్దిసులు మాట్లాడినా, ఇమామ్ బుఖారీ (రహ్మ) తన గ్రంథంలో వేలానికి ఒక అధ్యాయమే కేటాయించారు.

ఇక సంత ధర విచారించడం లోభమేమీ కాదు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వట్టి చేతులతో మదీనా చేరారు. అన్సారీ సోదరుడు సగం ఆస్తి ఇస్తానంటే, ఆయన బజారు ఎక్కడో చూపమన్నారు. జున్ను, నెయ్యితో వ్యాపారం మొదలుపెట్టారు. హజ్రత్ ఉర్వా బారిఖీ (రజి) గొర్రె తెమ్మని ప్రవక్త (సఅసం) ఇచ్చిన ఒక్క దీనారుతో రెండు గొర్రెలు కొని, ఒకదాన్ని దీనారుకు అమ్మి, దీనారూ గొర్రే తెచ్చి ముందుంచారు. ఆయన వ్యాపారంలో శుభం కలగాలని ప్రవక్త (సఅసం) దుఆ చేశారు. ధరలు తెలియనివాడికి ఇది సాధ్యమా?

అయితే విచారించే పద్ధతి ఒకటుంది. సైటులో కనిపించే ధరలన్నీ ధరలు కావు. ఒకడు లక్ష అని రాసి మూడేళ్లు కూర్చున్నా అది వాడి ఆశే. చూడవలసింది అమ్ముడైన ధర. వేలం సైట్లలో ముగిసిన అమ్మకాలను విడిగా చూసే ఏర్పాటు ఉంటుంది. అక్కడ అదే తయారీ, అదే నమూనా, అదే స్థితిలో ఉన్నవి ఇటీవల ఎంతకు పోయాయో చూడాలి. ఒక్కదాన్ని పట్టుకుని మురిసిపోకూడదు. ఇద్దరు పట్టుదలగా పాట పెంచిన రోజు వచ్చిన ధర రేపు రాదు. దానధర్మాల కోసం జరిగే వేలాలూ కొలమానం కావు. 2018లో నటుడు విజయ్ దేవరకొండ తన ఫిలింఫేర్ అవార్డును ముఖ్యమంత్రి సహాయనిధి కోసం వేలం వేస్తే 25 లక్షలు వచ్చాయి. ఆ సొమ్ము లోహానికి వచ్చింది కాదు కదా! సైటు కమీషను, పంపే ఖర్చు, దారిలో పగిలితే భరించే నష్టం కూడా లెక్కలో వేసుకున్నాకే సర్కారు పాట నిర్ణయించాలి. (ఈ మాటతో 2022లో సినిమా వచ్చాక దాని అర్థం పిల్లలకూ తెలిసింది.) నూరేళ్లు దాటిన పురావస్తువులనూ, డెబ్బై ఐదేళ్లు దాటిన విలువైన రాతప్రతులనూ 1972 నాటి చట్టం ప్రకారం వ్యక్తులు విదేశాలకు పంపరాదు. తాతల నాటి బిద్రీ హుక్కా ఉన్నవారు ముందే గ్రహించాలి.

ఇప్పుడు అసలు విషయం. ఈ వ్యాపారం చేసే ఒక యువకుడు మమ్మల్ని ఒక మసలా అడిగాడు. ఎన్నో ఏళ్లు కెమెరా సహాయకుడిగా పనిచేసి చనిపోయిన ఒకాయన ఇంట్లో చెక్కపెట్టెలో పాత కుక్ లెన్సు ఉంది. యూనిట్ మూసేసినప్పుడు జీతం బాకీ కింద ఇచ్చారట. 2010 తర్వాతి కొద్ది ఏళ్లలో సినిమా రీలు నుంచి డిజిటల్‌కు మారిపోవడంతో ఇలాంటివి మూలనపడ్డాయని అందరూ అనుకుంటారు. నిజానికి ఇంగ్లండులోని లెస్టర్‌లో తయారైన ఆ పాత స్పీడ్ పాంక్రో లెన్సులను, వాటిలో కనిపించే మెత్తదనం కోసం, డిజిటల్ కెమెరాలకు అమర్చుకునేవారు ప్రపంచమంతా ఉన్నారు. యువకుడు గుమ్మం దగ్గరే ఫోనులో ధర చూసుకున్నాడు. లోపలికెళ్లి, “ఖాలా, బూజు పట్టింది. రీలే పోయాక దీన్నెవరు కొంటారు?” అని పాత ఇనుము ధరకు తీసుకున్నాడు. వేలంలో దానికి ఎన్నో రెట్లు వచ్చింది. “మౌలానా, బూజు ఉన్నమాట నిజమే. నేను అబద్ధమాడలేదు. ధర తెలుసుకున్నది నా కష్టం. లాభం హలాలే కదా?” అన్నాడు.

మేము ముందు ఆ లెన్సు ఎవరిదని అడిగాం. భర్త కన్నుమూసిన క్షణం నుంచి అది వారసులది. సంతానం ఉన్నప్పుడు భార్య వాటా ఎనిమిదో వంతు. ఆ ఇంట్లో ఇద్దరు మైనరు పిల్లలున్నారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం పిల్లల ఆస్తికి తల్లి దానంతటదే వలీ కాదు. పైగా 1869-1876 మధ్య ఉస్మానీ రాజ్యంలో హనఫీ ఫిఖహ్ ఆధారంగా కూర్చిన ‘మజల్లా’లో స్పష్టంగా ఉంది: సామాన్య సరుకులో ఇరవయ్యో వంతు, పశువుల్లో పదో వంతు, స్థిరాస్తిలో అయిదో వంతు తేడా వస్తే అది ‘గబ్నె ఫాహిష్’, అంటే ఘోరమైన నష్టం. అంటే పదివేల వస్తువు తొమ్మిదిన్నర వేలకు పోయినా ఆ హద్దు తగిలినట్టే. మోసపు మాట తోడైతే నష్టపోయినవారు బేరం రద్దు చేసుకోవచ్చు. మోసం లేకపోతే పెద్దల విషయంలో బేరం నిలుస్తుంది. కానీ అనాథల ఆస్తి, వక్ఫ్ ఆస్తి అయితే మోసం లేకున్నా అలాంటి అమ్మకం చెల్లదు. ఇక్కడ రెండూ ఉన్నాయి. ఎవరు కొంటారన్న ప్రశ్న, కొనేవారున్నారని అప్పుడే చూసి వచ్చినవాడి నోట వస్తే అది అబద్ధం కాక ఏమిటి?

బిడారులు బజారు చేరకముందే ఎదురెళ్లి సరుకు కొనవద్దని దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. అలా కొంటే, యజమాని బజారుకు వచ్చాక బేరం ఉంచుకోవడమో వదులుకోవడమో అతని ఇష్టమని కూడా చెప్పారు. షాఫయీ, హంబలీ విద్వాంసులు దీన్ని హక్కుగానే తీసుకున్నారు. హనఫీలు ధర దాచిపెడితే అది మక్రూహ్ అన్నారు. ఈరోజు బజారు ఫోనులో ఉంది. ఆ తల్లి ఇంకా బజారు చేరలేదు, మన తమ్ముడు ఊరి బయటే ఎదురయ్యాడు.

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గురించి ఉల్లేఖన ఉంది. ఆయన సేవకుడు ఒక గుర్రాన్ని మూడు వందల దిర్హమ్‌లకు బేరం చేసి తెచ్చాడు. జరీర్ (రజి) గుర్రాన్ని చూసి, యజమాని దగ్గరికెళ్లి, మీ గుర్రం ఇంతకంటే ఎక్కువ చేస్తుందంటూ తానే పెంచుకుంటూ పోయి ఎనిమిది వందలిచ్చారు. ముస్లిములందరి మేలు కోరతానని ప్రవక్త (సఅసం) చేతిలో బైఅత్ చేశానని కారణం చెప్పారు. అందరికీ ఇది సాధ్యం కాదని మాకూ తెలుసు. అందుకే సులువైన దారి చెప్పాం: ధర విప్పి చెప్పు, వారి తరఫున వేలంలో పెట్టు, ముందే మాట్లాడుకున్న దలాలీ తీసుకో. నీ కష్టానికి ప్రతిఫలం అదే. దలాలీ రుసుములో తప్పు లేదని ఇబ్నె సీరీన్, హసన్ బస్రీ వంటి పెద్దలు చెప్పినదాన్ని ఇమామ్ బుఖారీ నమోదు చేశారు. జరిగిపోయినదానికి, నువ్వు ఇచ్చిన సొమ్మూ కమీషనూ పంపిన ఖర్చూ మినహాయించి మిగిలింది ఆ ఇంటికి చేర్చు, వాటాల లెక్క దారుల్ ఇఫ్తాలో రాయించుకో అన్నాం.

ఇక వేలం నడిచేటప్పుడు బావమరిది చేత, రెండో ఖాతాతో పాట పెంచడం ‘నజష్’. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడాన్ని దైవప్రవక్త (సఅసం) పేరుపెట్టి నిషేధించారు. బూజు, గీత, మార్చిన మరలు ఫోటోలో కనిపించాలి, రాతలోనూ ఉండాలి. అనుకున్నంత రాలేదని, గెలిచిన పాటదారుకు వస్తువు పగిలిపోయిందని రాసి రద్దు చేసేవారూ ఉన్నారు. సర్కారు పాటే తక్కువ పెట్టి, ఒక్కరే పాడితే, ఆ ఒక్కరికే వస్తువు ఇచ్చేయాలి.