నీళ్ళలోకి మాత్రం ఒక్కడివీ దిగకు

తువామోతు దీవులకి వెళ్తున్నావట కదరా నాన్నా. స్నేహితుడితో కొన్నాళ్ళు తిరిగి, అతను వచ్చేశాక మిగతావి నువ్వొక్కడివే చూస్తానన్నావట. వెళ్ళు, నేనెందుకు వద్దంటాను? తొందర మాత్రం వద్దు. ఫ్రెంచి పాలినేషియాలో ఆ ఒక్క వరసలోనే 70కి పైగా పగడపు దీవులున్నాయి. అన్నీ చుట్టేద్దామనుకుంటే ఒక్కటీ చూడవు.

రాజధాని పపేతే నుంచి చిన్న విమానాలు వెళ్తాయి. మారుమూల దీవులకి రోజూ ఉండవు. సరుకుల ఓడ దాని వీలునిబట్టి వస్తుంది. అందుకే తిరుగు ప్రయాణానికి ముందు నాలుగు రోజులు ఖాళీగా అట్టేపెట్టుకో. లెక్కపెట్టినట్టు రోజులు సర్దుకుని, చివర్లో పడవవాళ్ళని బతిమాలుకునే పరిస్థితి తెచ్చుకోకు.

ఇద్దరుంటే ధైర్యమే, కాదనను. కానీ పొద్దస్తమానం మీలో మీరే కబుర్లాడుకుంటారు, అన్నం పెట్టిన ఇంటావిడతో రెండు మాటలు కూడా మాట్లాడరు. అక్కడ బస అంటే చాలాచోట్ల ఒక కుటుంబం నడుపుకునే నాలుగు గదులే. ఒక్కడివే అయ్యాక ఎలాగూ నోరు విప్పక తప్పదు, అదేదో మొదటిరోజు నుంచే విప్పు. నాలుగు ఫ్రెంచి ముక్కలు నేర్చుకుని వెళ్ళు. వాళ్ళు వాననీళ్ళు పట్టి దాచుకుంటారు, కుళాయి తిప్పి వదిలెయ్యకు.

ఇక నీళ్ళ సంగతి. చుట్టూ పగడపు దిబ్బ, మధ్యలో సముద్రపు మడుగు, దిబ్బకి అక్కడక్కడా గండ్లు. ఫకరవా అనే దీవికి ఉత్తరాన ఉన్న గరువాయె గండి దాదాపు కిలోమీటరున్నర వెడల్పు ఉంటుంది. ఆటు సమయంలో మడుగులో నీళ్ళు ఆ దారిన సముద్రంలోకి పోతాయి. చెరువు తూము దగ్గర లాగినట్టు లాగేస్తాయి నాయనా, నీకు ఎంత ఈతొచ్చినా సరే. స్నేహితుడున్నా ఇద్దరే దిగకండి, అక్కడివాళ్ళని అడిగి, వాళ్ళలో ఒకరు తోడుంటేనే దిగండి. ఒక్కడివే ఉన్న రోజుల్లో గట్టు మీద కూర్చుని చూడు, చాలు. పెద్ద వైద్యం కావాలంటే మళ్ళీ విమానమెక్కి పపేతే రావాల్సిందే.

చేపలు కూడా అడిగే తిను. దిబ్బల దగ్గర తిరిగే కొన్ని చేపల్లో సిగువతేరా అనే విషం ఉంటుంది. రుచిలో తెలియదు, వాసనలో తెలియదు, ఎంత ఉడికించినా పోదు. అది ఒంట్లోకి పోతే చల్లనీళ్ళు తాకినా చుర్రుమంటుందట. ఒకే రకం చేప దీవికి ఈ పక్క పట్టినది మంచిదవుతుంది, ఆ పక్కది పనికిరాదు. ఆ గుట్టు ఊళ్ళోవాళ్ళకే తెలుసు. నీ గాలానికి పడ్డదైనా సరే, ఇంటాయనకి చూపించాకే పొయ్యి మీద పెట్టు.

అమ్మకి ఫోన్ చెయ్యడం మర్చిపోకు. అక్కడ సాయంత్రం ఆరైతే మనకి మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర, తీరిగ్గానే ఉంటుంది. ఏ దీవిలో ఉన్నావో, ఎవరింట్లో దిగావో, మళ్ళీ విమానం ఎప్పుడో చెప్పు. సిగ్నల్ లేని చోటికి వెళ్ళేముందు ఆ మాట కూడా చెప్పి వెళ్ళు. రెండు రోజులు నీ గొంతు వినబడకపోతే ఆవిడ అన్నం ముట్టదు.