పక్కవాడి కమాను

పశ్చిమ బెంగాల్ కొండల్లో కాలింపాంగ్ అనే ఊళ్లో గాంధీ ఆశ్రమ పాఠశాల ఉంది. 1993లో ఎడ్వర్డ్ మెగ్వైర్ అనే జెసూట్ ఫాదర్ మొదలుపెట్టారు. అక్కడ కూలీల పిల్లలు చదువుతో పాటు వయొలిన్ కూడా నేర్చుకుంటారు.

మన కచేరీల్లో కింద కూర్చుని, వయొలిన్ కొసను పాదానికి ఆనించి వాయిస్తారు. అక్కడ గడ్డం కింద ఇరికించుకుంటారు. ఏ పద్ధతైనా మొదటి నెలలు ఇంట్లోవాళ్లకి పరీక్షే! వీణకున్నట్టు దీనికి మెట్లుండవు. వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. చెవే దారి చూపాలి.

బృందంలో కలిసి వాయించేవాడికి ఇంకో చిక్కు. తన స్వరం తప్పకపోతే చాలదు. పక్కవాడి కమాను పైకి పోతుంటే తనదీ పైకే పోవాలి. వాడు నెమ్మదిస్తే తనూ నెమ్మదించాలి. ఫస్టు ర్యాంకు కోసం పరిగెత్తే పిల్లలకి ఈ పాఠం ఇంకెక్కడ దొరుకుతుంది?

ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పిన నేల మనది. అయినా మన బడుల్లో చాలావాటికి సంగీతం ఆగస్టు 15 దగ్గరపడితేనే గుర్తొస్తుంది. మీ పిల్లల బడిలో సంగీతం మాస్టారున్నారా? ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి తర్వాత, ముందు అది అడగండి.