సహోద్యోగి సాంగత్యము – శాంతిపాఠ సందేశము

ఉపనిషత్పాఠమును ప్రారంభించునపుడు గురుశిష్యులిరువురును కలసి పఠించు శాంతిపాఠమొకటి తైత్తిరీయమున కలదు. నేటికిని పాఠశాలలలోను, సభలలోను, భోజనపంక్తులలోను దానిని పఠించుచున్నారు. పరమాత్మ ఇరువురను రక్షింపవలెననియు, పోషింపవలెననియు, ఇరువురును కలసి శక్తితో పాటుపడవలెననియు, చదివిన చదువు తేజోవంతము కావలెననియు అందలి ప్రార్థన. ఇంతవరకు అందఱకును తెలిసినదే. కాని చిట్టచివరి కోరిక యేమి? తామిరువురును ఒకరినొకరు ద్వేషింపకుండవలెనని!

ఇది విచారింపదగిన విషయము. గురువు తండ్రివంటివాడు, శిష్యుడు పుత్రప్రాయుడు. ఉభయులును బ్రహ్మవిద్య కొఱకు కూర్చున్నవారు. వారి నడుమ ద్వేషప్రసక్తి యెక్కడిది? శంకరభగవత్పాదులు తమ భాష్యమున ఈ సందేహమును తీర్చిరి. విద్యాగ్రహణ సందర్భమున శిష్యునివలన గాని, ఆచార్యునివలన గాని ఏమఱుపాటున ఒక అన్యాయము జరుగవచ్చును. దానివలన ద్వేషము పుట్టవచ్చును. దానిని శమింపజేయుటకే ఈ ప్రార్థన యని వారి వివరణము. బ్రహ్మవిద్యకై కూర్చున్న ఇద్దఱి నడుమనే ద్వేషమునకు తావున్నదని ఋషులు గుర్తించినపుడు, జీవనోపాధికై ఒక కప్పు క్రింద చేరిన పదిమంది నడుమ అది పుట్టుటలో వింత యేమున్నది?

మన పాతనగరమునే చూడుడు. పత్తర్‌గట్టీ దుకాణములో గుడ్డ కొలుచువాడొకడు, పద్దు వ్రాయువాడొకడు. కార్యాలయములలో దస్త్రము ఒక గుమాస్తా బల్లనుండి మఱియొక గుమాస్తా బల్లకు నడచినగాని పని తెమలదు. లాడ్ బజారులో ఒకరు లక్కను నిప్పుసెగపై మెత్తపఱచి గాజుగా చుట్టుదురు. ఆ వేడి ఆఱకముందే మఱియొకరు రాళ్లు పొదుగుదురు. ఆ ఇద్దఱికి మాటలు లేకపోయినచో లక్క గట్టిపడును, రాయి నిలువదు. లోకములో ఏ పనియైనను ఇట్టిదే.

ఇరుగుపొరుగుతో పొసగనిచో ఇల్లు మారవచ్చును. బంధువుతో పొసగనిచో రాకపోకలు తగ్గించుకొనవచ్చును. సహోద్యోగిని మాత్రము మనము ఎన్నుకొనలేదు, విడిచిపోవుటకును వీలుండదు. పని యంతయు మనపైకి నెట్టి పేరు తాను సంపాదించుకొనువాడు, పై అధికారి చెవిలో చాడీలు ఊదువాడు, నోరు విప్పినచో ఎత్తిపొడుచువాడు — ఇట్టివారి ప్రక్కనే దినమునకు ఎనిమిది గంటలు కూర్చుండవలెను. పురాణకాలక్షేపము ముగిసిన పిదప గృహస్థులును, ఉద్యోగినులైన స్త్రీలును తఱచుగా అడుగు ప్రశ్న ఇదియే: అట్టివానితో ఎట్లు మెలగవలెను?

దీనికి సమాధానము మహాభారతమున కర్ణపర్వములో కలదు. శల్యుడు మద్రదేశాధిపతి. కర్ణునికి సారథ్యము చేయవలసినదిగా దుర్యోధనుడు కోరినపుడు, సూతపుత్రుని రథమును తాను తోలుటయా యని ఆగ్రహించెను. తుదకు, తన నోటికి వచ్చినట్లు మాటలాడుదునను షరతుపై అంగీకరించెను. దానికి ముందే, కర్ణుని తేజస్సును మాటలతో తగ్గింతునని ధర్మరాజునకు మాట యిచ్చియున్నాడు. ఒకే రథము, ఒకే యుద్ధము. ఒకరు లేక మఱియొకరికి గతి లేదు. ఇంతకంటె కష్టమైన సహోద్యోగ మెక్కడ నుండును?

రథము కదలినది మొదలు శల్యుడు ఎత్తిపొడుపులే పలికెను. ఎంగిలిమెతుకులు తిని బలిసిన కాకి హంసలతో పందెము వేసి సముద్రముపై అలసిపడిన కథను చెప్పి, ఆ కాకి నీవేయనెను. కర్ణుడు ఊరకుండలేదు. మద్రదేశమును, అచటి స్త్రీపురుషులను కసిదీఱ నిందించెను. అర్జునునిపై నిలువవలసిన మనస్సు సారథిపై నిలిచెను. మనలో ననేకుల దినచర్య ఇట్లే గడచుచున్నది. పని ముందు కూర్చుందుము. మనస్సు మాత్రము ప్రక్కబల్లవాడు నిన్న అన్న మాటకు నేడు బదులు వెదకుచుండును.

అసలు అనర్థము అటుపిమ్మట జరిగినది. కర్ణుడు సర్పముఖబాణమును సంధించినపుడు, ఆ బాణము అర్జునుని కంఠమును చేరదు, చక్కగా చూచి మరల సంధింపుమని శల్యుడు చెప్పెను. ఆ ఒక్కమాటలో ఎత్తిపొడుపు లేదు. పని తెలిసినవాని సూచన మాత్రమే కలదు. కాని కర్ణుని కన్నులు ఎఱ్ఱనైనవి. కర్ణుడు రెండవసారి సంధింపడని చెప్పి విడిచెను. శ్రీకృష్ణుడు రథమును భూమిలోనికి క్రుంగద్రొక్కెను. బాణము కిరీటమును మాత్రమే ఎగురగొట్టినది. కర్ణుడు ఆ మాట వినినచో గెలిచెడివాడా యన్నది వేఱు విషయము. దైవము అటు ప్రక్క నుండెను. మనము గ్రహింపవలసిన దేమనగా — ద్వేషము శత్రువు పలుకు అసత్యమునకు మాత్రమే మన చెవులను మూయదు. అతడు ఎప్పుడైనను సత్యము పలికినచో దానికిని మూసివేయును. పొసగని సహోద్యోగివలన మనకు కలుగు నష్టములలో ఇదియే పెద్దది. ఇది అతడు కలిగించినది కాదు.

ఇందులకు పతంజలి మహర్షి యోగసూత్రములలో నాలుగు భావనలను ఉపదేశించెను. సుఖులయెడ మైత్రి, దుఃఖితులయెడ కరుణ, పుణ్యవంతులయెడ ముదిత, పాపవర్తనులయెడ ఉపేక్ష. వీనివలన చిత్తము తేట పడునని ఆయన బోధ. ఈ నాలుగును ఉద్యోగస్థలమునకు మిక్కిలి పనికివచ్చును. మనకు కంటకముగా తోచువారందఱును ఒకే తెగవారు కారు. ఒకనికి మనకంటె ముందు పదోన్నతి లభించినది, అతనిని చూడలేకపోవుచున్నాము. అచట అవసరమైనది మైత్రి. మఱియొకడు ప్రతి చిన్నమాటకు కసరుచున్నాడు. అతని యింట మంచము పట్టిన తల్లి యున్నదేమో, అప్పులవారు తలుపు తట్టుచున్నారేమో. అచట కరుణ వలయును. ఇంకొకడు మనకంటె శ్రద్ధగా పనిచేయుచు మన లోపములను చూపుచున్నాడు. అతడు మనకు ముల్లువలె తోచును. అచట ముదిత వలయును. ఈ ముగ్గురను తీసివేసిన పిమ్మట నిజముగా దుర్బుద్ధి కలవారు ఎందఱు మిగులుదురో లెక్కింపుడు. వారికే ఉపేక్ష.

ఉపేక్ష యనగా మాటలు మానుట కాదు, మొగము త్రిప్పుకొనుట కాదు. పనికి కావలసిన మాట పూర్తిగా, మర్యాదగా ఆడి, అక్కఱలేని మాటకు బదులీయకుండుట. నా ఉద్యోగకాలమున ఒక విద్యాలయములో ఇద్దఱు పండితులను చూచితిని. ఒకరు కావ్యమును, ఒకరు వ్యాకరణమును బోధించెడివారు. ఉభయులును ఉద్దండులే. వారికి మాటలు లేవు. కావ్యపాఠమున ఒక రూపము కుదురక విద్యార్థికి సందేహము కలిగినచో, వ్యాకరణపండితుని అడిగినచో కావ్యపండితునకు కోపము వచ్చునని భయపడి, అడుగకయే పరీక్షకు పోయెడివాడు. ఆ మౌనమును వారు ఉపేక్ష యనుకొనియుందురు. దాని మూల్యమును చెల్లించినవాడు విద్యార్థి. ఇద్దఱు ఉద్యోగుల నడుమ మాటలు లేనపుడు నష్టపడువాడు ఎల్లప్పుడును మూడవవాడే. దుకాణములో కొనువాడు, కార్యాలయములో అర్జీదారుడు, ఆసుపత్రిలో రోగి.

రాజ్యములకును ఇట్లే జరిగినది. దీనికి సాక్ష్యము మన నగరమే. హరిబౌలిలోని మహంకాళి ఆలయము అక్కన్న మాదన్నల పేరుతో నేటికిని వెలయుచున్నది. బోనాల ఉత్సవములలో అచటి ఘటము ఊరేగుటను మీరందఱును చూచినవారే. మాదన్న చిన్న ఉద్యోగమునుండి పైకి వచ్చి, 1672లో సింహాసనమెక్కిన అబుల్ హసన్ తానీషాకు ప్రధానమంత్రి యయ్యెను. సేనాపతి ముహమ్మద్ ఇబ్రహీము. వీరిరువురు ఒకే ప్రభువునకు కుడియెడమ చేతులవంటివారు. కాని మంత్రి సేనాపతిని శంకించెను. సేనాపతి మంత్రిని సహింపలేదు. 1685లో మొగలుసేన దండెత్తి వచ్చినపుడు సేనాపతి శత్రుపక్షమున చేరెను. సుల్తాను గోలకొండకోటలో తలదాచుకొనెను. హైదరాబాదు నగరము దోపిడి పాలయ్యెను. 1686లో అక్కన్న మాదన్నలు నడివీధిలో హత్య గావింపబడిరి. 1687లో సుమారు ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట గోలకొండ పడిపోయెను. ఔరంగజేబు బలము, రాజ్యకాంక్ష ముఖ్యకారణములే, కాదనరాదు. అయినను బయటి శత్రువు వచ్చునాటికి లోపలి చేతులు రెండును ఒకదానినొకటి పట్టుకొని పెనుగులాడుచుండెను. ఆ దోపిడిలో ఇల్లు పోగొట్టుకొన్న సామాన్యునకు ఆ ఇద్దఱి తగవుతో ఏమి సంబంధము?

ఆ ముట్టడిలోనే మఱియొక దృశ్యము కలదు. తోటి సర్దారులు ఒక్కొక్కరుగా ధనమునకు లొంగిపోవుచుండగా, కోటద్వారము ఒకడు లోపలినుండియే తెఱవగా, అబ్దుల్ రజాక్ లారీ మాత్రము లొంగక పోరాడి ఒడలెల్ల గాయములతో కూలెను. శత్రువైన ఔరంగజేబే అతనికి చికిత్స చేయించెను. ప్రక్కవాడు ఎట్టివాడైనను తన పని తాను చేయుట యనగా ఇది.

ఇచట ఒక సందేహము కలుగును. ద్వేషింపరాదనగా అన్యాయమును సహింపవలెనా? వలదు. విరాటనగరమున సైరంధ్రి కీచకుని దౌష్ట్యమును దాచుకొనలేదు. నిండుసభలో నిలిచి రాజును, సభాసదులను ధర్మమేమని ప్రశ్నించెను. భారతము ఆమెను తప్పుపట్టలేదు. మౌనము వహించిన సభయే తలవంచుకొనవలసివచ్చినది. నేటి కాలమున భీముని బాహుబలమునకు బదులు చట్టము కలదు. పనిచేయు చోట స్త్రీలను లైంగికముగా వేధించుటను నిషేధించుచు 2013లో పార్లమెంటు శాసనము చేసెను. 10 మంది గాని, అంతకు మించి గాని పనిచేయు ప్రతిచోటను ఫిర్యాదులు విచారించు సంఘ ముండవలెను. సామాన్యముగా 3 నెలలలోపల వ్రాతపూర్వకముగా తెలుపవలెను. లంచము, లెక్కలలో మోసము కంటబడినపుడును ఊరకుండుట ఉపేక్ష కాదు, భాగస్వామ్యము. పై వారికి తెలుపవలసినది తెలుపుడు. అయితే జరిగినదానిని జరిగినట్లు, తేదీతో, కల్పన లేక తెలుపుడు. న్యాయము కోరువానికి సత్యము చాలును. పగ కోరువాడే దానికి రంగు పూయును.

శాంతిపాఠము చివర శాంతిశబ్దమును ముమ్మాఱు పలుకుదుము. ఆధ్యాత్మికము, ఆధిభౌతికము, ఆధిదైవికము అను మూడు తాపముల శమనమునకని పెద్దలు చెప్పుదురు. పిడుగు, వరద మొదలగునవి ఆధిదైవికములు. ఇతర ప్రాణులవలన కలుగునవి ఆధిభౌతికములు. తేలు కుట్టుటయు, సహోద్యోగి మాట కుట్టుటయు ఈ కోవలోనివే. మన మనస్సునందే పుట్టునవి ఆధ్యాత్మికములు. ఆ మాట అతని నోట వెలువడినది సాయంకాలము అయిదు గంటలకు. అది ఆధిభౌతికము, అచటనే ముగిసినది. రాత్రి పదిగంటలకు అన్నము ముందు కూర్చుండి, భార్యాబిడ్డలపై కసరుచు దానిని మరల మరల నమలుచున్నచో, అది ఇక అతనిది కాదు, మనది. మొదటిదానిని ఆపుట మన వశమున లేదు. రెండవది పూర్తిగా మన వశమున నున్నది.

కావున ఉదయము ఉద్యోగమునకు బయలుదేరునపుడు దేవునియెదుట నిలిచి ఆ శాంతిపాఠము నొకసారి పఠింపుడు. ఎవరితో పొసగదో వారిని స్మరించి, చివరి కోరికను వారికిని కలిపి కోరుడు. అతడు మారునో మారడో చెప్పజాలము. మన చెవులు తెఱచియుండును. మన చేతిపని చెడదు. మన యింటిదీపము క్రింద అతని నీడ పడదు. జగజ్జనని మహంకాళి అందఱకును అట్టి ప్రశాంతబుద్ధిని ప్రసాదించుగాక!