కారుకు అడిగే ప్రశ్న



కార్ల ప్రదర్శనకూ ధమ్మానికీ ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. నేనూ అదే అడిగాను. 2023 జనవరి మొదటి వారంలో నేనూ మా ఆవిడా వడోదర వెళ్ళాం. వెళ్ళింది సంకల్పభూమి చూడటానికి. సికింద్రాబాద్‌లో రాజ్‌కోట్ రైలెక్కి అక్కడ దిగేసరికి, ఆ ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది రెండు పాసులు పట్టుకుని నిలబడ్డాడు. లక్ష్మీ విలాస్ ప్యాలెస్‌లో పాత కార్ల పోటీ అట. '21 గన్ సెల్యూట్' అని, దేశంలో బాగా పేరున్నది. "రాజుల కార్లు మనకెందుకు?" అన్నాను. "ముందు చూడండి, తర్వాత తిడుదురుగాని" అంది మా ఆవిడ.

ఆ పేరు సంగతి కొంచెం చెప్పాలి. బ్రిటిష్ వాళ్ళు సంస్థానాధీశులను ఫిరంగి మోతలతో కొలిచేవాళ్ళు. 21 మోతలు అయిదు సంస్థానాలకే: హైదరాబాద్, మైసూరు, బరోడా, గ్వాలియర్, కాశ్మీర్. ఆ కింద 19, 17, 15, అలా తొమ్మిది దాకా. అసలు మోతే లేని రాజులు ఇంకా బోలెడు మంది. బాబాసాహెబ్ కులాన్ని మెట్ల అసమానత అన్నది గుర్తొచ్చిందా? రాజుల మధ్య కూడా మెట్లే. కాకపోతే అక్కడ కింది మెట్టువాడికి కూడా ఏనుగు ఉంటుంది.

లోపల పచ్చిక మీద రోల్స్ రాయిస్‌లు, బెంట్లీలు, కాడిలాక్‌లు బారులు తీరి ఉన్నాయి. అబద్ధమెందుకు, అందంగా ఉన్నాయి. నేను మాత్రం ముఖం ముడుచుకునే తిరిగాను. ఎవరి చెమటతో కొన్నారో, ఎంతమంది వెట్టి చేస్తే వచ్చాయో అని లోపల లెక్కలు. ఆ లెక్క తప్పు కాదు. కానీ లెక్క పేరు చెప్పి నేను ద్వేషాన్ని మోసుకు తిరుగుతున్నానని మా ఆవిడను చూశాక తెలిసింది. ఆమెకు కుట్టుపని వచ్చు. ఒక కారు సీటు దగ్గర వంగి, "ఈ తోలు కుట్టు చూశారా, ఒక్క పోగు వంకర లేదు" అంది. బోర్డు మీద కారు పేరు, సంవత్సరం, యజమాని పేరు ఉన్నాయి. కుట్టినవాడి పేరు లేదు. పక్కనే ఒక కుర్రాడు గొంతుక్కూర్చుని టైరు తుడుస్తున్నాడు. నేను యజమానిని చూసి మండిపడుతుంటే ఆమె పనివాడి చెయ్యిని చూసింది. బాబాసాహెబ్ మనకిచ్చిన ధమ్మంలో పేదరికం పుణ్యం కాదు, అందమైన వస్తువు పాపం కాదు. అది నాదే కావాలనే తృష్ణతోనే పేచీ. ఆమెకు ఆ తృష్ణ లేదు, నా ద్వేషమూ లేదు. హాయిగా చూసింది.

ఇంతలో జడ్జీలు వచ్చారు. కాగితాలు పట్టుకుని ఒక్కో బండి కిందికీ, బానెట్ లోపలికీ తొంగి చూస్తున్నారు. బాగా నడుస్తుందా లేదా అన్నది ఒక్కటే చాలదట. ఇంజన్ మీది నంబరు, ఛాసిస్ మీది నంబరు ఫ్యాక్టరీలో పుట్టినప్పటి జతేనా, మొదట ఎవరు తెప్పించారు, తర్వాత ఎవరి చేతుల్లోకి పోయింది, అన్నింటికీ కాగితం ఉండాలి. ఒక కారు తాలూకు మనిషి హిందీలో వివరంగా చెప్పాడు. "ఇంజన్ మారిస్తే బండికేం కాదు, ఇంకా బాగా పరిగెడుతుంది. కానీ ఖాందాన్ పోతుంది కదా సార్" అన్నాడు.

ఖాందాన్. ఆ మాట నన్ను పట్టుకుంది.

మిళింద రాజు కథ మీరు వినే ఉంటారు. రథమెక్కి వచ్చిన ఆ గ్రీకు రాజును నాగసేన భంతే అడిగారు: ఇరుసా రథం? చక్రమా? కాడా? అన్నీ విడివిడిగా తీసి పక్కన పెడితే రథమనేది ఎక్కడుంది? రాజు ఒప్పుకోక తప్పలేదు. విడి భాగాలు ఒకచోట కూడితే మనం పెట్టుకున్న పేరు రథం, అంతే. ఈ ప్రశ్న మనం భిక్షువుల నోట వింటాం, తల ఊపుతాం, ఇంటికెళ్ళి మర్చిపోతాం. ఒకసారి మనిషి మీద పెట్టి చూడండి. ఎముకలో ఉందా కులం? నెత్తురులోనా? పేగులోనా? కారులోనైనా రేకు మీద నంబరు కొట్టి ఉంటుంది, వేలు పెట్టి తడమొచ్చు. మనిషి మీద ఆ నంబరు ఎవడు కొట్టాడు?

కారును వంశం అడగటంలో తప్పేం లేదు. ఇనుముకు బాధ లేదు.

సాయంత్రం ఆటోలో సయాజీ బాగ్ వెళ్ళాం. అప్పట్లో దాన్ని కమాటీ బాగ్ అనేవారు. 1913లో బాబాసాహెబ్‌ను అమెరికా పంపిన స్కాలర్‌షిప్ ఆ ప్యాలెస్ కట్టించిన శయాజీరావు గైక్వాడ్‌దే, ఆ మంచి మర్చిపోకూడదు. 1917లో బరోడా కొలువుకి వచ్చిన అదే మనిషికి ఊళ్ళో గది దొరకలేదు. పార్సీ సత్రంలో పేరు మార్చుకుని ఉంటే, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి నువ్వెవరు అని నిలదీశారు. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. స్నేహితులిద్దరిని అడిగితే ఇద్దరూ సాకు చెప్పారు. బొంబాయి రైలు రాత్రి తొమ్మిదికి. అయిదు గంటలు ఎక్కడ గడపాలో తెలియక ఈ తోటలో కూర్చున్నారు. కొలంబియాలో చదివినా, పెద్ద ఉద్యోగమున్నా, వాళ్ళు చూసింది నంబరే.

మేం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా ఆవిడ నెమ్మదిగా అంది: "వాళ్ళు కర్రలు పట్టుకొచ్చి అడిగారు. మనం కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి అడిగాం."

దేని గురించో నాకు వెంటనే అర్థమైంది. అంతకు ఆరు నెలల ముందు మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. దీక్ష తీసుకున్న కుటుంబం, అబ్బాయి టీచరు, ఇంట్లో బుద్ధుడి పటం, బాబాసాహెబ్ పటం తప్ప ఇంకో పటం లేదు. నేను తండ్రిని కూర్చోబెట్టి, అన్నీ అడిగి, చివర్లో గొంతు తగ్గించి అడిగాను, "ఇంతకీ మీరు మాలలా, మాదిగలా?" అని. ఆయన చెప్పాడు. తర్వాత నేను ఫోన్ చెయ్యలేదు. 22 ప్రతిజ్ఞలు స్టేజీ ఎక్కి వందల మందితో చెప్పించినవాణ్ణి. వాటిలో తొమ్మిదోదీ పదోదీ సమానత్వం గురించే.

కులం అడగకపోతే రిజర్వేషన్ ఫారంలో ఏం రాస్తావయ్యా అని మనవాళ్ళే నన్ను ఎదురడిగారు. నిజమే, 1990 నుంచి బౌద్ధులమైనా మనకు ఎస్సీ హోదా ఉంది, ఆ కాగితంలో కులం రాయాల్సిందే. కానీ డాక్టరు ఎక్కడ నొప్పి అని అడగటం, వాకిట్లో నిలబడి ఎవరోళ్ళు అని అడగటం ఒకటేనా? ఒకటి గాయం లెక్క కోసం. ఇంకోటి తలుపు వెయ్యటానికి. నేను అడిగింది ఏ ప్రశ్నో నాకు తెలుసు. మీరు అడిగింది మీకు తెలిసే ఉంటుంది.

తిరుగు రైల్లో సూరత్ దాటాక ఆ తండ్రికి ఫోన్ చేశాను. మర్యాదగా మాట్లాడాడు. "మావాడికి డిసెంబర్‌లోనే కుదిరిందండీ" అన్నాడు. జై భీమ్ అని పెట్టేశాడు. ఏమన్నాడని మా ఆవిడ అడగలేదు.